పలకని పెట్టె

"బావగారూ, ఆ ఒక్క కంప్యూటరు పెట్టె వదిలేయండి. బస్టాండు దగ్గర టైపింగు కొట్టు పెట్టుకుని పిల్లల్ని సాక్కుంటాను," అంది లుయాండో.

"తమ్ముడు పోతే వాడి సొమ్ము తోడబుట్టిన వాళ్లది. మన పద్ధతి నీకు తెలీదా?" అన్నాడు ఆమె భర్తకు అన్నయ్యైన హాబాంజీ. అతని మనుషులు సోఫాను లారీలోకి ఎక్కిస్తున్నారు. అతను వెంట తెచ్చుకున్న మెకానిక్కు వైపు తిరిగాడు. "మ్వీంబా, ఇందులో సిస్టమ్ ఎక్కించు. ఆడితేనే తీసుకెళ్దాం. ఇలాంటి పనికి రావడం నీకు కొత్తేమో?"

"కొత్తేం కాదు పెద్దయ్యా. నాన్న పోయినప్పుడు మా ఇంటికీ లారీ వచ్చింది," అన్నాడు మ్వీంబా, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తూ.

దోచుకోవడానికి వచ్చినా గడప తొక్కిన వాళ్లకు ఏదో ఒకటి పెట్టాలి. లుయాండో వేయించిన పల్లీల పళ్లెం తెచ్చి అతని పక్కన పెట్టింది.

భర్త ఒక్కో భాగం కొని తెచ్చి ఆ కంప్యూటరును తన చేతులతో బిగించాడు. "దువ్వెనంత ఉన్న ఈ పచ్చ ముక్క లేకపోతే మిగతాదంతా ఉత్త రేకే," అని నవ్వాడు. సిస్టమ్ ఎక్కించే లోపే జ్వరం అతన్ని తీసుకుపోయింది.

మ్వీంబా దుమ్ము ఊదాలంటూ మూత విప్పాడు. కొత్త పెట్టెలో దుమ్మేమిటో లుయాండోకు అర్థం కాలేదు. మూత బిగించి మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. పెట్టె ఆగి ఆగి కీచుమంది.

"ఏమంటోంది?"

"చచ్చానంటోంది."

"మళ్లీ నొక్కు."

మళ్లీ అదే కీచు. పలికితే వాళ్లది, పలకకపోతే ఎవరికీ కాదు. దేవుణ్ణి ఏమని వేడుకోవాలో కూడా లుయాండోకు తోచలేదు.

"నువ్వు మెకానిక్కువా, మేకలు కోసేవాడివా?"

"మేకయితే మాంసమైనా మిగిలేది పెద్దయ్యా. దీన్ని అమ్మితే మక్కల బస్తా కూడా రాదు."

"అయితే మా తమ్ముడి గుర్తుగా నువ్వే ఉంచుకో తల్లీ," అని హాబాంజీ నవ్వుతూ బయటికి నడిచాడు.

మ్వీంబా మిగిలిన పల్లీలు గుప్పిట్లోకి తీసుకుని, ఖాళీ పళ్లెం నేల మీద బోర్లించి, ఆమె మొహం కూడా చూడకుండా లారీ ఎక్కాడు. మర్యాద నేర్పే తల్లి లేదు కాబోలు అనుకుంది లుయాండో.

లారీ చప్పుడు దూరమైంది. ఖాళీ గదిలో పెద్దపిల్ల పెట్టె మీద చెయ్యి వేసింది.

"అమ్మా, నాన్న చేసింది కూడా చచ్చిపోయిందా?"

లుయాండో కడుగుదామని పళ్లెం ఎత్తింది.

దాని కింద పెన్‌డ్రైవూ, దువ్వెనంత పచ్చ ముక్కా ఉన్నాయి.