మూడువేల ఏళ్ల నాటి పక్షి

"డేగ కాదు మామయ్యగారూ, గుడ్లగూబ!" అంది కోడలు.

పెద్దాయన గుండెల్లో రాయి పడింది.

ప్రాచీన హీబ్రూ నిఘంటువంటే ఆయనదే. మొదటి కూర్పు వచ్చి నలభై ఏళ్లు దాటింది. సవరించిన రెండో కూర్పు ఈ మధ్యాహ్నానికల్లా అచ్చుకి వెళ్లాలి. తేలాల్సింది ఒక్కటే మాట. పాత గ్రంథాలన్నీ జల్లెడ పట్టినా ఒకే ఒక్కచోట కనబడే పక్షి పేరు అది. వయసులో ఉండగా దానికి 'డేగ' అని అర్థం తేల్చి, ఊరంతా మీసం మెలేసి తిరిగిన మనిషి ఆయన.

ఇప్పుడేమో ఆయన దగ్గరే చదువుకుని, ఆయన ఇంటికే కోడలై వచ్చిన పిల్ల, తవ్వకాల్లో బయటపడిన, అదే మాట ఉన్న మట్టి పలక ఫొటో తెచ్చి ముందు పెట్టింది.

"మీరే చదవండి. పగలు కనబడదట. రాత్రిళ్లు పాడుపడ్డ కొంపల్లో కూర్చుని మూలుగుతుందట."

"పాపం, ఆ డేగకి ఒంట్లో బాగాలేదేమో!"

"కళ్లు గుండ్రంగా ఉంటాయట."

"దగ్గర్నుంచి చూస్తే అందరివీ గుండ్రంగానే ఉంటాయమ్మా."

కోడలు పెదవి కొరుక్కుంది. నవ్వాపుకుంటోందని పెద్దాయనకి అనుమానం.

ఈలోగా ఆయన భార్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడ ఆ నిఘంటువు తెరిచిన పాపాన పోలేదు. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేది, అంతే.

"అమ్మాయ్, నీకు దణ్ణం పెడతా. డేగ అనే ఉంచెయ్యి. ఎప్పుడో మూడువేల ఏళ్ల కిందటి పక్షి. అదేమన్నా వచ్చి నిలదీస్తుందా?"

"అది రాదు అత్తయ్యా. చదివేవాళ్లు నిలదీస్తారు."

హాల్లో కూర్చుని ఎవరిదో వాచీ బాగుచేస్తున్న కొడుక్కి హీబ్రూలో ఒక్క అక్షరం రాదు. అయినా తలెత్తాడు.

"నాన్నా, తేలని వాటికి 'ఏదో ఒక పక్షి' అని రాస్తారుగా మీవాళ్లు. దీనికీ అలాగే రాసి పారెయ్యండి."

పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. "వాడు చెప్పింది బాగుందమ్మా!"

"సాక్ష్యం దొరికాక కూడా 'ఏదో ఒకటి' అని రాసేవాడు పండితుడు కాదు, పిరికివాడు. ఈ మాట క్లాసులో బల్ల గుద్ది చెప్పిందెవరు మామయ్యగారూ?"

పెద్దాయన భార్య వంక చూశాడు. కొడుకు వంక చూడలేకపోయాడు. 'డేగ' కొట్టేసి, 'గుడ్లగూబ' అని రాశాడు. ఆవిడ కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోడలు కాగితాలు సర్దింది. కంచాలు పెట్టింది.

ఆ తర్వాత హాల్లోకి తొంగిచూసి, మామగారు ఒకప్పుడు మోజుపడి కన్నకొడుక్కి పేరుగా పెట్టుకున్న ఆ హీబ్రూ మాటతోనే, మొగుణ్ణి నోరారా భోజనానికి పిలిచింది.