మొదటి శాంపిల్

“వచ్చేసింది! ఉద్యోగం వచ్చేసిందండీ!”

తలుపు తీస్తూనే భార్య పెట్టిన కేకకి పక్కవాటా పిన్నిగారు కిటికీలోంచి తొంగిచూసింది. అతను మాత్రం చెప్పులు విప్పడానికి గోడ ఆసరా వెతుక్కుంటున్నాడు. పార్సిల్ గోడౌన్‌లో పొద్దుటి డ్యూటీ మీద మధ్యాహ్నం డ్యూటీ కూడా చేసి వచ్చాడు. కాళ్ళు తనవి కానట్టున్నాయి.

“ఎక్కడ?” అన్నాడు, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని.

“నెల కిందట ఇంటర్వ్యూకి వెళ్ళలేదూ, ఆ నగల ల్యాబ్‌లోనే! రేపే చేరమన్నారు. గిల్టు గొలుసులు, పిల్లల గాజులు, దుద్దులు... వాటిల్లో సీసం, కాడ్మియం లాంటి విషాలేమైనా ఉన్నాయేమో చూడాలి. కెమిస్ట్రీ చదివి బట్టల సబ్బు నురగ చూసుకుంటున్నానని ఏడిపించారుగా!”

“గీకి, యాసిడ్ పోసి చూస్తారా?”

“అబ్బే, పాతకాలం మనిషి! చిన్న యంత్రం. నగని దాని కింద పెడితే చాలు, ఏ లోహం ఎంతుందో వరసగా చెప్పేస్తుంది. దానికి మొహమాటాల్లేవు.”

ఏ లోహం ఎంతుందో! అతనికి గోడ మీద చెయ్యి జారింది.

ఆమె మెడలో గొలుసు తళుక్కుమంది. పెళ్ళినాడు అతను వేసిందే. బంగారు గొలుసు పెడతానని నలుగురిలో మాటిచ్చాడు. తీరా పెళ్ళి ముందర అతను పనిచేసే కంపెనీ మూతపడింది. పరువు పోతుందని బజారు చివర గిల్టు కొట్లో కొనేశాడు. తర్వాత అసలుది కొని, చప్పుడు కాకుండా మార్చేద్దామనుకున్నాడు. ఆ ‘తర్వాత’ కోసమే ఈ రెండు డ్యూటీలు.

పెళ్ళికి ముందు ఫోనులో మాటకి ముందొక ‘బంగారం’, వెనకొక ‘బంగారం’ అని పిలిచినవాడు, ఆ తర్వాత ఆ పిలుపు జోలికే పోలేదు. నాలిక దాకా వచ్చి గొంతులోకి జారిపోయేది.

ఆమేమో ఈమధ్య ఆ గొలుసుని బొత్తిగా వదలడం లేదు. ఒక్కపూట పెట్టుకుని ఇచ్చేస్తా వదినా అని అతని చెల్లెలు బతిమాలితే, “నా ప్రాణమైనా ఇస్తాగానీ ఇది ఇవ్వను” అని నవ్వేసింది. లాకర్లో పెట్టుకోవే అని అత్తగారన్నా వినలేదు. కొంకి గుచ్చుకుంటోందంటూ దానికి రంగులేని నెయిల్ పాలిష్ పూసుకుంటుంటే అతనే చూశాడు. ఎంత అపురూపంగా చూసుకుంటోందోనని మరింత కుంగిపోయాడు.

ఆమె వేణ్ణీళ్ళ బేసిన్ తెచ్చి ముందు పెట్టింది. అందులో పాదాలు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది.

“మొదటి జీతంతో మీకు మెత్తటి బూట్లు. సరేనా?”

“ఊఁ.”

“ఊఁ ఏమిటి? నాకు ఉద్యోగం వచ్చిందా, మీకు జ్వరం వచ్చిందా?”

చెంబుతో ఇంకాసిని నీళ్ళు పొయ్యడానికి వంగింది. గొలుసు ఒరుసుకునే చోట, మెడ మీద సన్నటి ఆకుపచ్చని చార కనిపించింది.

“అదేమిటి?”

“చెమటకి,” అంటూ జుట్టు ముందుకి వేసుకుంది.

వేణ్ణీళ్ళలోనే అతని కాళ్ళు చల్లబడ్డాయి. సీసం. కాడ్మియం. ఇందాక విషాలు అంది. ఇన్నాళ్ళూ దొరికిపోతానేమో అన్నదొక్కటే బెంగ. ఆ మెడకి తాను ఏం తగిలించాడో అన్న ఆలోచనే రాలేదు. రోజంతా మోసిన పెట్టెలన్నీ కలిపినా ఇంత బరువు లేవు.

“రేపు...” అన్నాడు. “రేపు యంత్రం ముందు కూర్చోగానే, మొట్టమొదట ఆ గొలుసు పెట్టి చూడు.”

“ఇదా? దీన్నెందుకూ?”

“చూడు. అది ఏం చెబితే అది వచ్చి నన్నడుగు. తిట్టాలనిపిస్తే తిట్టు. ఈలోగా మాత్రం మెళ్ళోంచి తీసెయ్.”

ఆమె తియ్యలేదు. కింద కూర్చుని, అతని తడిపాదాన్ని ఒళ్ళోకి లాక్కుని, తువ్వాలుతో వేళ్ళ సందులు తుడుస్తూ అంది:

“ఆనాడు ఇంటర్వ్యూలో యంత్రం వాడి చూపించమంటే మొట్టమొదట పెట్టింది దీన్నేనండీ, సీసం లేదు, కాడ్మియం లేదు, బంగారమూ లేదు... అందుకని రేపట్నుంచి మళ్ళీ నన్నే అలా పిలవండి, ఇంట్లో ఒక్క బంగారమైనా ఉండొద్దూ!”