ఇరవై కాగితాలు

"ఇంకో ఇరవై కాగితాలు ఇప్పించండి బాబూ."

ఎండుచేపల గంప పక్కన దించి ప్రేమమ్మ చెయ్యి చాపింది.

గిరిధర్ ముక్కు మూసుకున్నాడు. బందరులో ఒక జాతీయ విశ్వవిద్యాలయానికి చిన్న దూరవిద్యా కేంద్రం ఉంది. దానికి అతనే కోఆర్డినేటర్. ఆమె అడిగేవి ఆ విశ్వవిద్యాలయం లక్ష్యాలు అచ్చేసిన కరపత్రాలు. 'చదువు ఆగిపోయిన ప్రతి ఒక్కరికీ మళ్లీ చదువు' అన్నది మొదటి లక్ష్యం.

"పోయిన సోమవారమేగా పట్టుకెళ్లావు?"

"అయిపోయినయ్యండీ."

"నీకు చదవడం వచ్చా?"

"మాకెక్కడి చదువండీ."

అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఐదేళ్లుగా ఇదే తంతు. గిలకలదిండి రేవులో చేపలు కొనుక్కుని, దివిసీమ బస్సెక్కే ముందు ఇక్కడికొచ్చి కాగితాలు పట్టుకుపోతుంది. పొట్లాలు కట్టడానికి కాకపోతే మరి దేనికి?

"లక్ష్యాలు అచ్చేసింది నీ చేపలు చుట్టడానికి కాదమ్మా. ఇక రావద్దు."

ప్రేమమ్మ ఏదో చెప్పబోయింది. అతను ఫైల్లో తల దూర్చాడు. ఆమె గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు గిరిధర్.

ఏడాది తిరిగింది. యాభైమంది చేరకపోతే కేంద్రం ఎత్తేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. నిరుడు తొంభైమంది చేరినచోట ఈసారి పదకొండుమంది. గడువింకా మూడు రోజులే.

పాత విద్యార్థులకు ఫోన్లు చేశాడు. దివిసీమలోని నాగాయలంకలో వందన ఎత్తింది. ఈ కేంద్రంలోనే డిగ్రీ చదివి అంగన్‌వాడీ టీచరైన అమ్మాయి.

"మీ వైపునుంచి ఒక్కరూ చేరలేదేంటమ్మా?"

"చెప్పేవాళ్లేరండీ? చేపలమ్మే ప్రేమమ్మగారే కదా, ఇల్లిల్లూ తిరిగి కాగితమిచ్చి మమ్మల్ని చేర్పించారు. అందులో ఏముందో బస్సులో ఎవరిచేతో చదివించుకుని బట్టీ పట్టేశారు."



"మరి ఈ ఏడు?"

"మీ దగ్గర కాగితాలివ్వలేదంటగా. నోటితోనే చెప్పుకుంటూ తిరిగారు. అచ్చుకాగితం లేందే నాన్నలు నమ్మలేదండీ."

సిగ్గుతో అతని తల వాలిపోయింది.

"నేనే వస్తాను. ఆవిడ ఇల్లు చూపిస్తావా?"



"శ్రావణంలో పోయారండీ."

వందన ఏడుస్తోంది.

"ఆవిడ మా వీధిలోకొస్తే చేపలొచ్చాయని ఎవరూ అనేవాళ్లు కాదండీ, 'యూనివర్సిటీ వచ్చింది, లేవే' అని మా అమ్మ నన్ను లేపేది."