పదిహేడో నంబరు దాహం

మధ్యాహ్నం మూడింటికి సాయిచంద్ నాలుగో లీటరు దించాడు. కడుపులో నీళ్లు గుడగుడలాడుతున్నాయి. అయినా తల తిప్పి గోడ మీది టీవీ వంక ఆశగా చూశాడు.

మొదటి స్థానం: పదిహేడు. రెండో స్థానం: నలభై రెండు.

నలభై రెండు మనవాడే.

హైటెక్ సిటీలోని ఆ అద్దాల మేడ ఏడో అంతస్తులో నెల రోజులుగా ఇదే వరస. ఉద్యోగులు నీళ్లు సరిగ్గా తాగడం లేదని బెంగపెట్టుకున్న హెచ్.ఆర్. షారోన్, తలా ఒక స్మార్ట్ బాటిల్ పంచింది. స్టీలు బాటిల్, పైన ఎర్ర రబ్బరు తొడుగు, అడుగున చిన్న యంత్రం. బాటిల్లో ఎన్ని నీళ్లు తగ్గితే అన్ని తాగినట్టు లెక్క. ఆ లెక్క ఎప్పటికప్పుడు టీవీలో పడుతుంది. పేర్లు వేస్తే వెనకబడినవాళ్లు నొచ్చుకుంటారని నంబర్లే వేయించింది. అంత సున్నితం ఆ అమ్మాయిది.

నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఎవరు ముందుంటే వాళ్లకి బేస్‌మెంట్‌లో ఏడాదిపాటు కారు పార్కింగ్!

ఆ మాట చెవిన పడ్డాకే సాయిచంద్‌కు దాహం మొదలైంది. అతని భార్య అశ్వినికి ఏడో నెల. అదే మేడలో మూడో అంతస్తులో ఉద్యోగం. నిజాంపేట నుంచి ఇద్దరూ కలిసే వస్తారు. బేస్‌మెంట్ నిండా పెద్దసార్ల కార్లే. గేటు ముందు ఆపి దించనివ్వరు. కాబట్టి కిలోమీటరు అవతల ఖాళీ జాగాలో కారు పెట్టి నడవాలి. ఆ దుమ్ములో, ఆ లారీల మధ్య, ఆమె నడుం పట్టుకుని అడుగులో అడుగు వేస్తుంటే సాయిచంద్ ప్రాణం ఉసూరుమనేది. ఆ పార్కింగ్ తనకు రావాలి. అంతే.

తాగడం ఒక ఎత్తు. ఆ తర్వాతి బాధ ఇంకో ఎత్తు.

"నెలలు నిండుతున్నది నాకా, నీకా? ఇంటికి పోయేలోపల మూడు పెట్రోల్ బంకుల్ల ఆపినవ్!" అని అశ్విని పడీ పడీ నవ్వేది.

ఆఫీసులో ఇంకో పరేషాన్. మగవాళ్ల బాత్‌రూంలో ఫ్లష్ చెడిపోయి మూడు వారాలైంది. 'దయచేసి నీళ్లు పోసి రండి' అని కాగితం అంటించారు. మహానుభావులు ఆ కాగితం చదివి, ఫోన్ చూసుకుంటూ వచ్చేసేవాళ్లు. సాయిచంద్ అలా కాదు. ఎంత తొందరలో ఉన్నా నిండా నీళ్లు పోసి, చేతులు కడుక్కుని మరీ వచ్చేవాడు. శుభ్రం చేసే చంద్రమ్మకు అందుకే అతనంటే అభిమానం.

"ఈ ఫ్లోర్ల మంచిమనిషంటే మీరొక్కరే సార్" అనేది.

మంచితనానికి పార్కింగ్ ఇస్తారా ఏమన్నా!

ఇంతకీ ఎవడీ పదిహేడు? మొదటి వారం ఎక్కడో అడుగున పడి ఉన్నవాడు రెండో వారం నుంచి విజృంభించాడు. సాయిచంద్ కష్టపడి వాణ్ని దాటతాడు. ఒంటికి వెళ్లి వచ్చేసరికి వాడు మళ్లీ పైన ఉంటాడు. తను సీట్లోంచి లేవడం కనిపెట్టి మరీ తాగుతున్నాడు, దొంగవెధవ! పక్క సీటు రాబిన్ ఉండి ఉంటే ఇద్దరూ చెరో వైపు కాపలా కాసేవాళ్లు. అతనేమో బెంగళూరులో ఉద్యోగం దొరికిందని మొదటి వారమే బ్యాగు సర్దుకుని పోయాడు.

అకౌంట్స్ రామబ్రహ్మం మీద అనుమానం వచ్చి, రెండు రోజులు రెప్ప వేయకుండా ఆయన గొంతు వంకే చూశాడు.

"ఏంటి బాబూ, నా మెడ మీద ఏమన్నా పాకుతోందా?" అని ఆయన హడలిపోయారు. పాపం, ఆయన చాయ్ తప్ప మరొకటి ముట్టరు.

ఒక బుధవారం అశ్విని స్కానింగ్ కోసం సాయిచంద్ సెలవు పెట్టాడు. ఆ రోజు పదిహేడు గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. ఎదురుగా పోటీ లేకపోతే బరిలోకే దిగని పౌరుషం! శత్రువే అయినా సాయిచంద్ మనసులోనే దండం పెట్టాడు.

ఇవాళ ఆఖరి రోజు. నాలుగున్నరకు ఐదో లీటరు పూర్తయింది. టీవీలో నలభై రెండు పైకెక్కింది. పదిహేడు కిందికి దిగింది. ఇంకో అరగంట సీట్లోంచి కదలకుండా కూర్చుంటే చాలు.

సాయిచంద్ కాలు మీద కాలు వేసుకున్నాడు. కాసేపటికి ఆ కాలు మీద ఈ కాలు వేసుకున్నాడు. కళ్లు మూసుకుని అశ్విని నడకను తలుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో వెనకాల గ్లాసులోకి నీళ్లు వంపుకున్నారు. ఆ చప్పుడు వినేసరికి అతని వల్ల కాలేదు. నాలుగూ యాభై ఐదుకు పరుగో పరుగు.

అంత ఆపదలోనూ మర్యాద మరవలేదు. నీళ్లు పోసే వచ్చాడు.

వచ్చేసరికి ఐదు. టీవీలో పైన పదిహేడు.

సాయిచంద్ కుర్చీలో కూలబడ్డాడు. మూడు చెరువుల నీళ్లు తాగించి, ఆఖరికి ఇలా చేశావా తండ్రీ! కింద అశ్విని ఎదురుచూస్తుంటుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? అతనికి ఏడుపొకటే తక్కువ.

షారోన్ మైకు అందుకుంది. "పదిహేడో నంబరు ఎవరండీ? రండి, సిగ్గుపడకండి!"

ఎవరూ లేవలేదు.

"బాటిల్ అడుగున నంబరుంటుందండీ. అందరూ ఒక్కసారి చూసుకోండి."

అందరూ బాటిళ్లు తిరగేశారు. మూత బిగించని రామబ్రహ్మం ప్యాంటు తడుపుకున్నారు. పదిహేడు మాత్రం దొరకలేదు.

బకెట్ పట్టుకుని అటుగా వస్తున్న చంద్రమ్మ ఆ మాట విని ఆగింది. బకెట్లోంచి మూతా తొడుగూ లేని స్టీలు బాటిల్ ఒకటి తీసింది. దాని అడుగు లైటుకేసి పట్టి చూసి, తీసుకొచ్చి సాయిచంద్ బల్ల మీద పెట్టింది.

"పదిహేడంటే ఇదే గదా సార్, రాబిన్ సార్ పారేసిపోతే బాత్‌రూంల నీళ్లు పోసెతందుకు నేనే పెట్టిన, రోజూ దీన్ని ముట్టేది మీరొక్కరే!"