అచ్చిరావాలని

"నాలుగున్నర వేల యూరోలా? ఈ బండికా?" అన్నాడు మ్యాలకీ, ఇంకా గేటు కూడా దాటకుండానే.

నీలం రంగు బుల్లి కారు ఇంటిముందు వానకి తడుస్తోంది. పక్కనే గొడుగు పట్టుకుని డింప్నా. డెబ్బై దాటిన మనిషి. కళ్ళకి శుక్లాలొచ్చాయి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక కారు అమ్మకానికి పెట్టింది. వచ్చే డబ్బుతో భర్త సమాధికి రాయి వేయించాలి. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఏడాది ప్రార్థన నాటికి రాయి లేకపోతే ఆడపడుచుల ముందు తలెత్తుకోలేదు. ఈ సంగతంతా గేటు దగ్గరే చెప్పేసింది. బేరం తెలిసిన మనిషైతే చెప్పదు.

మ్యాలకీకి బేరం తెలుసు. పశువుల సంతలో తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న విద్య అది. ఐర్లండ్ పడమటి జిల్లాల్లో అతనితో బేరమాడి బాగుపడ్డవాడు లేడు.

కారు కూతురు రోషీన్ కోసం. సోమవారం నుంచి ఆ పిల్లకి స్లైగో ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. కొండ దారిన గంట ప్రయాణం. కారు లేకపోతే ఉద్యోగం లేనట్టే. ఈ కారు ప్రకటన చూసిందీ రోషీనే.

"అడిగినంత ఇచ్చి తెచ్చేద్దాం నాన్నా, బేరం వద్దు," అని బతిమాలింది.

"అడిగినంత ఇచ్చేవాణ్ణి వెర్రివెధవ అంటారే."

"నువ్వు చూసిన ప్రతి కారులోనూ ఏదో ఒక చప్పుడు వస్తుంది. నాకు సిగ్గేస్తుంది."

ఆ సిగ్గుతో ఇల్లు గడవదని మ్యాలకీ అభిప్రాయం. బస్సెక్కి ఒక్కడే వచ్చాడు.

"లోపలికి రా నాయనా, టీ తాగుదువుగాని," అంది డింప్నా.

ఆ పక్క టీ అంటే రెండుసార్లు వద్దని, మూడోసారి మొహమాటంగా సరేననడం మర్యాద. మ్యాలకీ మొదటిసారికే సరేనన్నాడు.

"ఇక్కడికే తెచ్చెయ్యండమ్మా. ఈలోగా నేను బండి చూస్తుంటాను."

ఆమె ట్రే పట్టుకుని వచ్చేసరికి అతను గొంతుక్కూర్చుని చక్రం మూత మీద బురద తుడుస్తున్నాడు. చేతులు ప్యాంటుకి రాసుకుని కప్పు అందుకున్నాడు. బిస్కెట్లు రెండు తిన్నాడు. బాగున్నాయన్నాడు కూడా.

తర్వాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చర్చి దాకా మెల్లగా నడిపాడు. మలుపు దగ్గర మొదలైంది. టక్కు, టక్కు, టక్కు.

"వినిపించిందా అమ్మా?"

"పోయిన వారం దాకా లేదే ఇది!"

"రోగం చెప్పి వస్తుందా? ఎడమ ముందు చక్రం. లోపల బేరింగ్ పోయింది. బాగుచేయించాలంటే వెయ్యి దాటుతుంది."

ఆమె మొహం పాలిపోయింది. "మా ఆయన దీన్ని బిడ్డలా చూసుకున్నాడు నాయనా."

"చూసుకున్నాడమ్మా, కాదన్లేదు. మనుషులే పోతున్నారు, బండెంత?"

నాలుగున్నర మూడున్నరైంది. మూడున్నర మూడైంది. సమాధి రాయి మీద చెక్కించాలనుకున్న పావురం ఎగిరిపోయి పేరొక్కటే మిగిలింది. అక్కడ అమ్మినవాళ్ళు బండి అచ్చిరావాలని ఆ డబ్బులోంచే కొంత తిరిగి కొన్నవాళ్ళ చేతిలో పెడతారు కదా, అదెంతిస్తారో కూడా ముందే అడిగాడు. ఇంకెవడైనా అయితే అక్కడితో చేయి కలిపి కారు ఇంటికి తోలుకుపోయేవాడు. మ్యాలకీ వాచీ చూసుకున్నాడు. రాత్రంతా నానితే రేటు ఇంకాస్త మెత్తబడుతుంది.

"ఆలోచించుకోండి. రేపొస్తాను. అందాకా బండి కదపకండి, ప్రమాదం."

"నేనెక్కడ కదుపుతాను ఈ కళ్ళతో! నీలాంటి మంచివాడు దొరకడం నా అదృష్టం నాయనా," అంది డింప్నా.

మర్నాడు మధ్యాహ్నం ఈల వేసుకుంటూ బస్సు దిగాడు. ఇంకో మూడొందలు ఎలా తగ్గించాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాడు. గేటు తీశాడు. కారు లేదు. అది నిలబడ్డ చోట నేల మాత్రం కాస్త పొడిగా ఉంది.

"అమ్మేశాను!" అంటూ ఎదురొచ్చింది డింప్నా, మొహమంతా నవ్వుతో. "అడిగినంతకే!"

"ఎవడా వెర్రివెధవ?"

"మీ రోషీనే! నీకు చెప్పలేదూ? రాత్రి భోజనం దగ్గర రాయి సంగతి చెప్పి నవ్వావటగా. పాపం నిద్రే పట్టలేదట. 'మా నాన్న తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను' అంది. పొద్దున్నే బ్యాంకులో దాచుకున్నదంతా తీసి మరీ తెచ్చింది. ఎంత మంచి పిల్లని కన్నావయ్యా!"

మ్యాలకీ చటుక్కున రోడ్డు వైపు తిరిగాడు. "బండి... తీసుకెళ్ళిపోయిందా?"

"చప్పుడు సంగతి దాచలేదు సుమా, చెప్పాను. పడీ పడీ నవ్వింది. 'మా నాన్నకి చప్పుడు వినబడని కారు ఈ దేశంలోనే లేదు' అంది. సోమవారానికి అలవాటవ్వాలని కొండ దారినే పోయింది. అచ్చిరావాలని ఇరవై యూరోలు ఆ పిల్ల చేతిలోనే పెట్టాను."

మ్యాలకీ ఫోను తీసి రోషీన్‌కి చేశాడు. అవతల మోగుతూనే ఉంది.

"నడుపుతూ ఎత్తదులే, బుద్ధిమంతురాలు," అంది డింప్నా. "లోపలికి రా, టీ పెడతాను."

మ్యాలకీ కొండ దారి వైపు పరుగు తీశాడు. నిన్న ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఎడమ ముందు చక్రం నుంచి విప్పి దాచిన రెండు నట్లు అడుగడుక్కీ అతని కోటు జేబులో టక్కు టక్కుమంటున్నాయి.