పెనుకొండలో పెట్టిన షరతు

“సాయం చేస్తాం. అయితే అధ్యక్షురాలు దిగిపోవాల,” అన్నాడు హిందూపురం సంఘం పెద్ద గంగాధరప్ప.

ఆ మాట తన గురించేనని హేమావతికి వెంటనే తట్టలేదు.

ధర్మవరం నేతగాళ్ళ పొదుపు సంఘానికి ఆమె అధ్యక్షురాలు. పట్టు ధర పెరిగి, నేసిన చీరలు అమ్ముడుపోక, అప్పు తీసుకున్నవాళ్ళు కంతులు కట్టలేకపోయారు. సంఘం మునిగిపోతోందని ఎవరో పుకారు లేపారు. దాచుకున్న డబ్బు ఇచ్చేయమని జనం వాకిట్లో బైఠాయించారు. ఒక ఊరి సంఘం తూలితే మిగతా రెండూ పట్టుకోవాలని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఎప్పుడో మాట అనుకున్నాయి. ఆ మాట నమ్ముకునే ఆమె పెనుకొండ వచ్చింది.

“మీ సంఘం తూలినప్పుడు మేం షరతు పెట్టినామా అన్నా? అడిగిన పొద్దే దుడ్లు తెచ్చిచ్చింది నేను గాదా?”

కొత్త మనిషి వస్తేనే జనానికి నమ్మకం కుదురుతుందన్నాడు గంగాధరప్ప, ఆమె ముఖం చూడకుండా. పెనుకొండ సంఘం పెద్ద కుళ్ళాయప్ప కూడా తలూపాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆమెకంటే ముందే తమ్ముడు జగదీష్ లేచాడు. సంఘం ఉపాధ్యక్షుడతను. ఇది సాయం కాదు, పెత్తనమన్నాడు. “ఈళ్ళ దుడ్లు మనకొద్దు. పోదాం లే అక్కా,” అని చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె లేచింది కూడా. కానీ ధర్మవరంలో సంఘం వాకిట్లో కూర్చున్న చౌడక్క కళ్ళలో మెదిలింది. కూతురి ఆపరేషనుకు దాచుకున్న డబ్బు కోసం పొద్దున కాళ్ళు పట్టుకోబోయింది చౌడక్క. తన పౌరుషం ఆ పిల్ల ప్రాణం కంటే ఎక్కువా?

హేమావతి మళ్ళీ కూర్చుని రాజీనామా రాసింది. తన స్థానంలో తమ్ముడు ఉంటాడని తానే చెప్పింది. పెద్దలిద్దరూ మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. రేపే డబ్బు పంపిస్తామన్నారు.

జగదీష్ బండి తేవడానికి వెళ్ళాడు. మెట్ల దగ్గర గంగాధరప్ప కనబడగానే ఆమె కోపం ఆగలేదు.

“నా మీద ఏం పగన్నా నీకు?”

అతను నొచ్చుకున్నాడు. “పగేందమ్మా? మేమైతే ఏ షరతూ లేకుండానే ఇస్తామన్నాం. నిన్ను దించితేనే ఊరు చల్లబడతాదని ధర్మవరం నుంచే వచ్చి చెప్పిపోయినారు.”

“ఎవరు?”

గంగాధరప్ప గొంతు తగ్గించాడు.

“నీ తమ్ముడేనమ్మా.”