వెనకవైపు కుట్టు

"ఇదేం కుట్టయ్యా? కళ్ళు మూసుకుని కుట్టావా, చేతులు నొప్పెట్టి మధ్యలో వదిలేశావా?"

ఎఫీ మెకాస్కిల్ కిల్టును, అంటే అక్కడి మగవాళ్ళు నడుముకు చుట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ లంగాను, బల్ల మీద బోర్లా పడేసింది. కొట్టు తలుపు తీయగానే వచ్చేసిన మనిషి. శనివారం ఆవిడ కొడుకు రూరీ పెళ్ళి. పోయిన మొగుడి కిల్టు కాస్తా చిమ్మటలు కొట్టి జల్లెడైంది, అందుకే కొత్తది కుట్టమంది. మల్లెయిగ్ రేవులో చేత్తో కిల్టు కుట్టేవాడు ముసలి టార్క్విల్ ఒక్కడే మిగిలాడు మరి.

ముందువైపు వంక పెట్టడానికి లేదు. తమ వంశానికి గుర్తుగా వేసుకునే గళ్ళే, గీతకు గీత అతికినట్టు కలిసింది. వెనక్కి తిప్పితేనే ఉంది భాగోతం. కుచ్చిళ్ళన్నీ పొడుగాటి టాకాల మీద వేలాడుతున్నాయి. లోపల కాన్వాసు లేదు, అస్తరు లేదు. తోలు పట్టీలు ఉండాల్సిన చోట రెండు నాడాలు.

"దీంతో మావాడు ఎలా కూర్చుంటాడు? కూర్చుంటే చాలు, అన్నీ ఊడిపోతాయి."

"కూర్చోడు కదమ్మా" అన్నాడు టార్క్విల్ తల దించుకునే.

"పెళ్ళికొడుకు కూర్చోడూ? పోనీ, డాన్స్ చేస్తే?"

"చెయ్యడు."

"నీ మొహం! మావాడి సంగతి నీకేం తెలుసు? తెల్లారేదాకా ఎగురుతాడు. పైగా ఈ అంచు చూడు! ఎడమ పక్క వేలి మందం పొట్టిగా..."

ఎఫీ మాట అక్కడే ఆగిపోయింది.

చిన్నప్పుడు రేవు గోడ మీంచి పడ్డ దగ్గర్నుంచీ రూరీ ఎడమకాలు వేలి మందం పొట్టి. వాడి ప్యాంట్లన్నీ ఆవిడే అలా సరిచేస్తుంది. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. గుడ్డ ముందేసుకుంటే నా చెయ్యి దానంతటదే అలా కత్తిరించింది."

"మరి వెనకాల ఎందుకు కుట్టలేదు?"

టార్క్విల్ అప్పుడు తలెత్తాడు. ముసలాడి కళ్ళల్లో నీళ్ళు. "పెట్టెలో వెల్లకిలా పడుకోబెట్టే మనిషికి వెనకాల ఎవరు చూస్తారమ్మా? అలాంటి వాళ్ళవి నా చెయ్యి ముందువైపే కుడుతుంది. మా నాన్న చెయ్యీ అంతే."

టార్క్విల్ ఇంటివాళ్ళకు జరగబోయేది ముందే తెలిసే రెండో చూపు ఉందని ఊళ్ళో అనుకుంటూంటే ఎఫీ నవ్వి కొట్టిపారేసేది. ఇప్పుడు నవ్వు రాలేదు.

"సాయంత్రం పోటుకు వాడు చేపల పడవెక్కుతున్నాడు. ఇప్పుడే వెళ్ళి ఆపుతాను."

"ఆపి చూడు. నిరుడు ఒకావిడ కొడుకుని గదిలో పెట్టి తాళం వేసి మరీ ఆపింది. ఆ గదిలోనే పోయాడు."

ఎఫీ గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయింది. రేవులో సముద్రపు పిట్టలు గోల చేస్తున్నాయి. కాసేపటికి వెనక్కి వచ్చి, కోటు విప్పి, ముసలాడి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"కాన్వాసు ఎక్కడ పెట్టావు?"

"ఏం చేస్తావమ్మా?"

"కుడతాను. మా అమ్మ పటాలానికి కిల్టులు కుట్టిన మనిషి. చచ్చినవాడి బట్టను బతికినవాడి బట్టగా మారుస్తాను."

"వద్దు తల్లీ. ఇందులో ఇంకో చెయ్యి పడకూడదు. పడితే ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు."

"అయితే ఇవాళ చూద్దువుగాని. దారం ఇటివ్వు."

టాకాలు పీకి ఒక్కో కుచ్చిలే కుట్టుకుంటూ వచ్చింది. గుడ్డ ముట్టుకుంటే తడిసినట్టు చల్లగా తగులుతోంది. వేసిన కుట్టు వేసినట్టే కిందినుంచి ఎవరో లాగినట్టు జారిపోతోంది. ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ వేసేది. వేలికి సూది గుచ్చుకుని రక్తం వచ్చినా ఆగలేదు. కాన్వాసు పడింది, అస్తరు పడింది. పెట్టిన టీ పెట్టినట్టే ఉంది. టార్క్విల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి ఆఖరి తోలు పట్టీ కుట్టి దారం కొరికింది. అప్పుడు గుడ్డ వెచ్చబడింది.

కాసేపటికి తలుపు ధడాలున తెరుచుకుంది. రూరీ! మనిషి సున్నంలా పాలిపోయాడు, అయినా నవ్వుతున్నాడు.

"ఇక్కడున్నావా అమ్మా! ఇందాక చచ్చి బతికాననుకో. వల లాగే ఇనుప తాడు ఫట్‌మని తెగింది. అప్పుడే బూటు లేసు కట్టుకుందామని వంగాను, నెత్తి మీంచి పోయింది. ఇవాళ్టికి పడవ కదలదు."

ఎఫీ వాణ్ణి పట్టుకుని భోరున ఏడ్చింది. వాడికేం అర్థం కాలేదు. "ఊరుకోవే, బానే ఉన్నాగా!" అంటూ కిల్టు తొడుక్కున్నాడు. కూర్చున్నాడు, లేచాడు, గిర్రున తిరిగాడు. కుచ్చిళ్ళు విచ్చుకుని మళ్ళీ ఎక్కడివక్కడ పడ్డాయి. "అబ్బ, ఏం కుట్టావు తాతా!" అని ముసలాడి భుజం తట్టి, పెళ్ళికూతురు కర్స్టీకి చూపించి వస్తానని పరిగెత్తాడు.

ఎఫీ కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది. టార్క్విల్ చేతులు కదులుతున్నాయి. ఎప్పుడు తీశాడో, బల్ల మీద తెల్లటి నారగుడ్డ పరిచి కత్తిరిస్తున్నాడు. కిల్టు కాదది. మెడ నుంచి పాదాల దాకా వచ్చే ఆడవాళ్ళ అంగీ. దానికి వీపే లేదు. ముసలాడు కత్తెర వదిలేయాలని చూస్తున్నాడు, వేళ్ళు వదలడం లేదు.

ఎఫీ ఆ గుడ్డ తీసుకుని గడ్డం కింద పెట్టుకుంది. అంచు సరిగ్గా తన బూట్ల దగ్గరికి వచ్చింది.

ఆవిడ దాన్ని జాగ్రత్తగా మడిచి ముసలాడి ఒళ్ళో పెట్టి, కోటు తొడుక్కుంది.

"మెల్లగా కుట్టు పెద్దాయనా. శనివారం మావాడి పెళ్ళిలో నేను డాన్స్ చెయ్యాలి."